వీ-త్రీ సార్ తర్జుమా

నకిరేకల్‌లో డేవిడ్ సార్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. వీ-త్రీ సార్ ఇల్లని అడగండి, చాయ్ తాగుతున్నవాడు గ్లాసు పక్కన పెట్టి మరీ దారి చూపిస్తాడు. ఇంగ్లిష్ క్రియకు మూడు రూపాలుంటాయి, మూడోదాన్ని వీ-త్రీ అంటారు, అది ఎక్కడ కూర్చోవాలో ఎక్కడ కూర్చోకూడదో తెలియకనే ఈ దేశం ఇట్లా తగలబడిందని ఆయన నమ్మకం. దేశం సంగతి దేవుడెరుగు. ఆ నమ్మకం పట్టుకుని ఆయన తగలబెట్టుకున్నది మాత్రం సొంత సంసారాన్నే.

పుట్టింది నకిరేకల్ పక్క పల్లెలో, కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో. నాయిన లింగస్వామి యేసును నమ్ముకున్నాక కూడా లింగస్వామిగానే ఉండిపోయి, కొడుక్కి మాత్రం డేవిడ్ అని పేరు పెట్టాడు. హాస్టల్లో చదువుకునే రోజుల్లో అక్కడి వార్డెన్‌కు ఒక జబ్బుండేది. అన్నం వడ్డించే ముందు వరుసలో నిలబెట్టి క్రియారూపాలు అడిగేవాడు. గో అంటే వెంట్, గాన్ అని చెప్పాలి. తడబడితే బెత్తం. డేవిడ్ ఏనాడూ తడబడలేదు. దెబ్బలు తప్పించుకోవడానికి నేర్చుకున్న విద్య అది, దెబ్బలు తప్పాయి, అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. పెద్దయ్యాక ఆ బెత్తాన్నే తన నోట్లో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు.

ఎం.ఏ. అయింది, బీఈడీ అయింది, తెలంగాణ కూడా వచ్చింది. రాష్ట్రమొచ్చిన రోజు డేవిడ్ కూడా అందరితో పాటు హైవే మీద గులాలు చల్లుకుని ఎగిరాడు. రాష్ట్రం వచ్చింది గానీ సర్కారు నౌకరీ రాలేదు. రాసిన ప్రతి పరీక్షా నాలుగైదు మార్కుల తేడాతో పోతుంటే, ప్రశ్నలు తయారుచేసిన వాళ్ళకే గ్రామర్ రాదని తేల్చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అప్పుడు విజేందర్ అనే ఆయన పెట్టిన ఇంగ్లిష్ మీడియం బడిలో చేరాడు. విజేందర్ అంతకుముందు ఎరువుల దుకాణం నడిపాడు. ఎరువుల కన్నా పిల్లలు లాభమని తెలుసుకుని బడి పెట్టాడు. ఈ ఊళ్ళో ఇంగ్లిష్ అంటే శంఖంలో పోసిన తీర్థం. టై కట్టి బూట్లు వేసిన పిల్ల పసుపు వ్యాను ఎక్కితే చాలు, లోపల ఏం చదువుతోందో తల్లిదండ్రులు ఏనాడూ అడగరు. అడిగితే తమకు ఇంగ్లిష్ రాదని బయటపడుతుందని భయం.

అక్కడ డేవిడ్ తన పాఠాన్ని కనిపెట్టాడు. నిజం చెప్పాలంటే పాఠం మంచిదే. కెన్, షుడ్, మస్ట్ లాంటి మాటలు మామ. క్రియ మూడో రూపం కోడలు. మన ఇళ్ళల్లో మామ పక్కన కోడలు కూర్చుంటుందా? కూర్చోదు. నడుమ అత్త ఉండాలి. ఆ అత్త పేరు 'హావ్'. షుడ్ గాన్ అంటే సిగ్గుమాలిన సంసారం, షుడ్ హావ్ గాన్ అంటే మర్యాద గల ఇల్లు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు, నవ్వుతూనే నేర్చుకునేవాళ్ళు. పదో తరగతి పరీక్ష రాసి బయటికొచ్చిన ఒక పిల్ల "సార్, అత్తను పెట్టుడు మర్చిపోయిన" అని ఏడ్చిందట. ఆ ఒక్క పాఠం చెప్పుకుని బతికినా డేవిడ్ ఈపాటికి పెద్ద సారయ్యేవాడు. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

అడ్మిషన్ల కాలం. బడి గేటు మీద విజేందర్ నిలువెత్తు ఫోటోతో ఒక ఫ్లెక్సీ కట్టారు. 'వుయ్ కెన్ మేడ్ యువర్ చైల్డ్ డాక్టర్' అని దాని మీద అక్షరాలు. మర్నాడు పొద్దున్నే డేవిడ్ స్టూలు వేసుకుని ఎక్కి, 'మేడ్' మీద తెల్లకాయితం అతికించి 'మేక్' అని రాశాడు. కొత్త చీర మీద మాసిక పడ్డట్టు అది దూరం నుంచే కనపడుతోంది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రుల ముందే విజేందర్ ఇదేమిటని అడిగాడు. వాళ్ళ ముందే డేవిడ్ జవాబు చెప్పాడు, మేడ్ అనేది తప్పనీ, మూడో తరగతి పిల్లకు కూడా తెలుసుననీ. విజేందర్ కోప్పడలేదు. ఎరువులు అమ్మినవాడికి మనుషులు తెలుసు. "సార్, ఫ్లెక్సీ సదివి ఎవ్వడు పిల్లల చేర్పియ్యడు. నా ఫోటో సూసి చేర్పిస్తడు" అన్నాడు. సాయంత్రానికి డేవిడ్ బడి బయట ఉన్నాడు.

తర్వాత ఇంకో రెండు బడుల్లోనూ అదే కథ. ఒకచోట జెండా పండుగ నాడు కరస్పాండెంట్ ఉపన్యాసం ఇస్తుంటే వెనక నిలబడి తప్పులకు ఒప్పులు అందించాడు. ఇంకోచోట డీఈవో ఆఫీసు నుంచి వచ్చిన మనిషిని దిద్దాడు. దిద్దిన ప్రతిసారీ ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చేది. నౌకరీ పోయిన బాధ ఇంటికొచ్చాక గానీ తెలిసేది కాదు. ఇంటికొచ్చాక కూడా అది ఎక్కువగా ఆయన భార్యకే తెలిసేది.

ఆమె పేరు మల్లిక. నిమ్మకాయల మార్కెట్లో కాయ ఏరే పనికి పోతుంది. పండుకాయ ఒక పక్కకు, పచ్చికాయ ఒక పక్కకు, మచ్చకాయ ఇంకో పక్కకు తీసి బస్తాలకెత్తాలి. పొద్దుగూకేసరికి వేళ్ళ సందుల్లో పులుపు దిగి, అన్నం కలిపితే భగ్గుమని మండుతుంది. కూతురు అక్షిత గురుకులంలో చదువుతోంది కాబట్టి ఆ ఫికర్ లేదు. మిగిలిన సంసారమంతా ఆ మండే వేళ్ళ మీదే నడుస్తోంది.

బడులన్నీ అయిపోయాక డేవిడ్ ఒక గది కిరాయికి తీసుకుని స్పోకెన్ ఇంగ్లిష్ అని బోర్డు పెట్టాడు. స్పోకెన్ అని బోర్డు మీద ఉంది గానీ, ఆ గదిలో నోరు తెరిచి మాట్లాడినవాడు సార్ ఒక్కడే. ఎవరన్నా ధైర్యం చేసి ఒక వాక్యం మొదలుపెడితే సగంలో పట్టుకునేవాడు. రెండోసారి మొదలుపెడితే పావులోనే పట్టుకునేవాడు. మూడోసారి ఎవరు మొదలుపెడతారు? ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంత చదువు చదివిన ఈయన, ఇంగ్లిష్ తప్ప వేరే భాష రాని మనిషితో పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్క పూట మాట్లాడలేదు. ఈత పుస్తకం కంఠస్థం పట్టి బావి గట్టున నిలబడ్డవాడు ఆయన. కరోనా వచ్చి ఆ గదికి తాళం వేసింది. రాకపోయినా పడేదే.

తాళం పడ్డ రెండేళ్ళకు ఊరి చర్చి సంఘం పెద్దలు ఒక నిర్ణయం చేశారు. చర్చి కాంపౌండులో ఇంగ్లిష్ మీడియం బడి పెట్టాలి. మన పిల్లలు విజేందర్ లాంటి వాళ్ళ గేట్ల ముందు ఎందుకు నిలబడాలని సంఘపెద్ద యాదయ్య వాదం. మరి హెడ్మాస్టర్ ఎవరు? నల్లగొండ నుంచి ఒకాయనను తెద్దామని సగం మంది అన్నారు, మన డేవిడ్ ఉండగా బయటివాడెందుకని సగం మంది అన్నారు. హెడ్మాస్టరైతే నెల జీతం, కాంపౌండులోనే రెండు గదుల ఇల్లు. మల్లిక మార్కెట్‌కు పోవాల్సిన అవసరం ఉండదు. ఈ సంగతి చెవిన పడ్డప్పటి నుంచి ఆమె ప్రార్థనలో వేరే మాట లేదు.

సరిగ్గా అప్పుడే చర్చిలో మూడు రోజుల సువార్త కూటాలు వచ్చాయి. మిజోరాం నుంచి లాల్‌సాంగా అనే పెద్దాయన బైబిల్ వాక్యం చెప్పడానికి వచ్చాడు. నాలుక తిరగక ఊరంతా ఆయనను సంగయ్యను చేసింది. మిజోరాం మన దేశంలోనే ఉందని పాస్టర్ గారు మైకులో ఎన్నిసార్లు చెప్పినా, ఆయన కళ్ళు చూసి జపాన్ దొర అని కొందరు, చైనా దొర అని కొందరు ఖాయం చేసుకున్నారు. దొర అనేది మాత్రం అందరూ ఒప్పుకున్నారు. తెలుగు రానివాడు మనవాడెట్లా అవుతాడని వాళ్ళ లెక్క.

ఇట్లాంటి కూటాల్లో తర్జుమాకు ఒక పద్ధతి ఉంది. చెప్పేవాడు ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. పక్కనే ఇంకో మైకు పట్టుకున్నవాడు దాన్ని తెలుగులో చెప్తాడు. మాట ఒక్కటే చెప్తే చాలదు. ఆయన చెయ్యెత్తితే ఈయనా ఎత్తాలి, ఆయన గొంతు పెంచితే ఈయనా పెంచాలి, ఆయన ఏడిస్తే ఈయన గొంతూ వణకాలి. జనానికి ఇద్దరు మనుషులు కనపడకూడదు. ఎప్పుడూ తర్జుమా చేసే పాస్టర్ గారికి మొదటి రెండు రోజులకే గొంతు పోయింది, ఆదివారం మిగిలింది. డేవిడ్‌తో చేయిద్దాం, మనిషి ఏపాటివాడో తేలిపోతుందన్నాడు యాదయ్య. హెడ్మాస్టర్ కుర్చీ ఆ మైకుకే కట్టి ఉందని అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున డేవిడ్ ఇస్త్రీ అంగీ తొడుక్కుంటుంటే మల్లిక ముందుకొచ్చి నిలబడింది. "నీకు దండం పెడత. గాయినె ఏమంటె గదే తెలుగుల చెప్పు. తప్పు మాట్లాడితె మాట్లాడనీ, మనకేం పోతది. ఒక్క పూట నీ నోరు నువ్వు పట్టుకో" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఎవరికి తెలియదు? డేవిడ్ అద్దంలో దువ్వుకుంటూ, నేనేమన్న పిచ్చోన్నా అన్నాడు.

షామియానా కింద జనం నిండిపోయారు. కుర్చీలు చాలక ఆడవాళ్ళు టార్పాలిన్ల మీద కూర్చున్నారు. మల్లిక ముందు వరుసలోనే చోటు చూసుకుంది, మొగుడి కంట్లో పడేటట్టు. మొదట్లో అంతా బాగానే నడిచింది. ఆ పెద్దాయన తమ కొండల గురించి, వెదురు ఇళ్ళ గురించి, తన తాత దేవుణ్ణి ఎట్లా నమ్మాడో చెప్పాడు. ఇంగ్లిష్ ఆయనకు అమ్మభాష కాదు. ఊళ్ళో నేర్చుకున్నది కాస్త, ఊళ్ళు తిరిగి నేర్చుకున్నది కాస్త. మాటలు ఏరుకుని ఏరుకుని మెల్లగా మాట్లాడుతున్నాడు. 'గాడ్ కెన్ గేవ్' అన్నాడొకసారి. డేవిడ్ మెడ నరం బిగిసింది. మల్లిక కళ్ళల్లోకి చూసి మింగేశాడు. కాసేపటికి 'వుయ్ మస్ట్ కేమ్' అన్నాడు. అదీ మింగాడు. కప్పను మింగినవాడి మొహం పెట్టాడు గానీ, మింగాడు. మల్లిక ఊపిరి తీసుకుంది.

అప్పుడు ఆ పెద్దాయన తన ఇంటి సంగతికొచ్చాడు. తనకు ఒక్కడే కొడుకన్నాడు. డేవిడ్ తెలుగులో చెప్పాడు. మా ఊరి కింద ఒక వాగు ఉంది, ఆ రోజు వాన పడుతోందన్నాడు. డేవిడ్ చెప్పాడు. వాగు అవతల జ్వరంతో ఉన్న ఒక ముసలామెకు మందు ఇచ్చి రావాలి, నాకు ఒళ్ళు బద్ధకమై కొడుకును పంపానన్నాడు. డేవిడ్ అదీ చెప్పాడు. పిల్లలకు పాలిస్తున్న తల్లులు కూడా తలెత్తి చూస్తున్నారు. ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, మెల్లగా ఒక్క మాటన్నాడు.

"ఐ షుడ్ గాన్ విత్ హిమ్."

వాడితో నేను పోవలసింది, పోలేదు. ఆ ముసలాయన బతుకులో అంతకన్నా బరువైన మాట లేదు. దాన్ని మోసుకుని ఎన్ని ఊళ్ళు తిరిగాడో, ఎన్ని మైకుల ముందు నిలబడ్డాడో. తెలుగులో అది రెండు ముక్కలు. చదువు లేని కూలిమనిషి కూడా తన భాషలో ఆ మాట అనగలడు.

డేవిడ్ అనలేదు. మైకు నోటికి దగ్గరగా తీసుకుని "షుడ్ హావ్ గాన్" అన్నాడు.

తన మాట వినపడలేదేమో అనుకున్నాడు ఆ పెద్దాయన. "ఐ షుడ్ గాన్" అన్నాడు మళ్ళీ. "నో బ్రదర్. షుడ్ హావ్ గాన్" అని డేవిడ్ మళ్ళీ దిద్దాడు. అంతటితో ఆగితే అది డేవిడ్ ఎందుకవుతుంది? రామాయణంలో పిడకల వేట మొదలుపెట్టాడు. జనం వైపు తిరిగి, అన్నా అక్కా, మామ పక్కన కోడలు కూర్చుంటదా అని అడిగాడు. కూర్చోదని జనం అన్నారు. నడుమ ఎవరుండాలె అన్నాడు. అత్త అని అరిచారు. గా అత్తనే హావ్, మన అయ్యగారు అత్తను ఇంటికాడ మర్చిపోయి వచ్చిండు అన్నాడు.

షామియానా మొత్తం నవ్వింది. భయంతో బిగుసుకుని కూర్చున్న మల్లిక కూడా, ఆ భయం ఒక్కసారి వదిలి, అందరితో పాటు నవ్వింది. ఆ పెద్దాయనకు తెలుగు రాదు. వాగులోకి తన కొడుకును పంపిన మాట చెప్పాడు, ఎదుట వందల మంది నవ్వుతున్నారు. ఆయనకు తెలిసింది అంతే. ఒకసారి జనాన్ని చూశాడు, ఒకసారి డేవిడ్‌ను చూశాడు. తర్వాత బడిపిల్లవాడిలా "సారీ" అని, "ఐ షుడ్ హావ్ గాన్ విత్ హిమ్" అని దిద్దుకుని చెప్పాడు.

"గుడ్" అన్నాడు డేవిడ్.

చప్పట్లు కొట్టారు. దొర ఇంగ్లిష్‌నే మనోడు దిద్దిండని వెనక వరుసల దాకా మాట పాకింది. కొడుకు ఏమయ్యాడని ఒక్కరికీ తోచలేదు. పెద్దాయన బైబిల్ మూసి, చిన్న ప్రార్థన ఒకటి చేసి కూర్చున్నాడు. గంటసేపు చెప్పవలసిన వాక్యం పావుగంటలో ఎందుకు ముగిసిందో కూడా ఎవరూ అడగలేదు. తొందరగా వదిలారు, కూర వేడిగా ఉంటుందని సంతోషపడ్డారు.

వడ్డనలు మొదలుకాక ముందే పెద్దలు ఒక పక్కన నిలబడి తేల్చేశారు. నల్లగొండ ఆయనను తెద్దామన్న వాళ్ళే ముందు మాట మార్చారు. యాదయ్య డేవిడ్ భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు. "ఇంగ్లిషోనికే ఇంగ్లిష్ చెప్పిండు. గిసోంటోడు మనకాడ ఉంటె ఇంకోని కోసం తిరుగుడేంది? కుర్చీ డేవిడ్ సార్‌దే." ఇన్నేళ్ళు దేనివల్ల నౌకరీలు పోయాయో దానివల్లే నౌకరీ వచ్చింది. ఇదీ మన ఊళ్ళ తెలివి. తనను దిద్దితే యజమాని పని తీసేస్తాడు, ఇంకొకణ్ణి దిద్దితే పని ఇస్తాడు.

మల్లికకు కన్నీళ్ళు ఆగలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ఇక నీకేందమ్మా హెడ్మాస్టర్ పెండ్లానివంటూ చేతులు పట్టుకున్నారు. ఆమె దేవునికి వందనాలు చెప్పుకుంది. ఆ సంతోషంలోనే ఆ పెద్దాయన విస్తరి మీద కన్ను పడింది. అన్నం, కూర పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కడే ఒక కుర్చీలో కూర్చుని, వేళ్ళతో మెతుకులు అటూ ఇటూ జరుపుతున్నాడు. తినే చెయ్యి అట్లా ఉండదు. మల్లికకు ఎక్కడో చివుక్కుమంది. పొద్దున తాను దేనికి నవ్విందో అప్పుడు గుర్తొచ్చింది. నవ్వక ముందు ఆయన ఏం చెప్తూ ఉన్నాడో కూడా గుర్తొచ్చింది.

ఒక గిన్నెలో వేడి చారు తీసుకుపోయి ఆయన దగ్గర కూర్చుంది. తినమని సైగ చేసింది. ఆయన తలెత్తి ఆమెను చూసి, ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక్కొక్క మాట ఆగి ఆగి, ఎవరో పక్కన నిలబడి దిద్దుతారేమో అన్నట్టు జాగ్రత్తగా చెప్పాడు. ఆ మాటల్లో 'సన్' అన్న ఒక్క మాటే మల్లికకు తెలుసు. అది నాలుగైదుసార్లు వచ్చింది.

డేవిడ్ అటుగానే వస్తున్నాడు, వచ్చినవాళ్ళతో చేతులు కలుపుతూ. మల్లిక ఆయన అంగీ పట్టి ఆపింది. "ఏమంటుండు? కొడుకేమయిండంట?" అని అడిగింది.

డేవిడ్ ఒక్క నిమిషం ఆగి పెద్దాయన మాటలు విన్నాడు. శ్రద్ధగానే విన్నాడు, తల కూడా ఊపాడు. తర్వాత నవ్వుమొహంతో భార్య వైపు తిరిగాడు.

"ఏం లేదు. ఈసారి ఒక్క తప్పు గూడ లేకుంట మాట్లాడిండు" అన్నాడు.